అక్షరాలు చీమల్లా పాకుతున్నాయండీ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకటే గోల, తెర సరిగ్గా కనపడట్లేదు, కళ్లు మండుతున్నాయి, అక్షరాలు మసకగా ఉన్నాయి, ఇవే. ప్రింటర్ గురించీ వైరస్ గురించీ అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, మీవి వచ్చే నెలకి జరిపేను. విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా కొట్టుకి కూడా "కొత్త మానిటర్ ఎంతవుతుందండీ" అంటూ వస్తూనే ఉంటారు, పాతదానికి ఏమైందంటే కనపడట్లేదంటారు, తీరా ఇంటికెళ్లి చూస్తే మానిటర్ శుభ్రంగానే ఉంటుంది, సెట్టింగులు ఎవరో కెలికీసి ఉంటారు. పది నిమిషాలు కూర్చుని సరిచేసి వచ్చీడమే. చేతిలోకొచ్చిన బేరం నా అంతట నేనే పోగొట్టుకుంటున్నందుకు మా ఆవిడ ఏమంటుందో అది మాత్రం పత్రికలో రాసే మాట కాదు.

ప్రశ్న: నేను లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి, వయసు 66. సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి 15.6 అంగుళాల కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చి వెళ్లేడు. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. పక్కింటి కుర్రాడొచ్చి రిజల్యూషన్ 1024 బై 768కి తగ్గించేడు, పెద్దవైతే అయ్యాయి గానీ అంతా మంచు పట్టినట్టు మసక, పైగా వీడియో కాల్‌లో మా మనవడి మొహం గుమ్మడికాయలా కనిపిస్తోంది. అరగంట చూస్తే తలనొప్పి. కళ్లజోడు మార్పించుకోవాలా, ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చీమనాలా? (ఒక పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: మాస్టారూ, ల్యాప్‌టాప్ ఎక్కడికీ పంపకండి, కళ్లజోడు సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ కుర్రాడు చేసిన పని వెనక్కి తిప్పాలి. పాపం మంచికనే చేసేడు, అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే అందరి చెయ్యీ ముందు రిజల్యూషన్ మీదకే పోతుంది, ఒకప్పుడు నేనూ అదే చేసేవాణ్ణి.

ఇంటి ముందు ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతారు కదా, ఆ తర్వాతే గీతలు. మీ తెర ఫ్యాక్టరీలోనే చుక్కలు పెట్టీసి పంపిన వాకిలి అనుకోండి. మీరు పంపిన ఫోటోలో డబ్బా మీద ఫుల్ హెచ్‌డీ అని ఉంది, అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల 73 వేల 600. అవి జరగవు, పెరగవు, తరగవు. ఇప్పుడు ఆ వాకిట్లో 1024 చుక్కల ముగ్గు వెయ్యమని కంప్యూటర్‌కి చెప్పేం. మీరు లెక్కల మాస్టారు కాబట్టి మీరే చేసి చూడండి, 1920ని 1024తో భాగిస్తే 1.875. ముగ్గులో ఒక్కో చుక్క వాకిట్లో ఒకటి ముప్పాతిక పైచిలుకు చుక్కల్ని ఆక్రమించాలి. ఒక చుక్క పూర్తిగా వస్తుంది, రెండోది పూర్తిగా రాదు, దాన్ని నలుపూ కాదు తెలుపూ కాదు అన్నట్టు బూడిదరంగులో పులిమి సర్దుతుంది. మీరు మంచు అన్నది అదే. ఇంక నిలువు సంగతి, 1080ని 768తో భాగిస్తే 1.406 చిల్లర. అడ్డంగా 1.875 రెట్లు సాగింది, నిలువుగా 1.406 రెట్లే సాగింది, ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే 1.333. మీ మనవడు సరిగ్గా మూడో వంతు లావెక్కేడు, వాళ్లమ్మ తిండి ఎక్కువ పెట్టి కాదు.

ఆ పాత డబ్బా మానిటర్లుండేవి చూడండి, వెనక్కి ఇంత పొడుగు పిక్చర్ ట్యూబుతో, వాటికి ఈ బాధ లేదు, ఏ సైజు పెట్టినా ట్యూబే సర్దుకునేది. అప్పటి అలవాటు ఇంకా మన చేతుల్లోంచి పోలేదు, తెరలు మాత్రం మారిపోయాయి.

సరే పని. డెస్క్‌టాప్ మీద ఏ బొమ్మా లేని చోట మౌస్ కుడి బటన్ నొక్కితే ఒక జాబితా వస్తుంది, అందులో డిస్‌ప్లే సెట్టింగ్స్. కొంచెం కిందకెళ్తే డిస్‌ప్లే రిజల్యూషన్ అని ఉంటుంది, అక్కడ ఏ అంకె పక్కన రికమెండెడ్ అని రాసుంటే అదే పెట్టండి. ఈ మార్పు ఉంచమంటారా అని అడుగుతుంది, కీప్ చేంజెస్ నొక్కండి. ఒకవేళ తెర నల్లబడిపోతే కంగారుపడి ఏదీ నొక్కొద్దు, చేతులు కట్టుకుని కూర్చోండి, 15 సెకన్లలో దానంతట అదే పాతదానికి వెళ్లిపోతుంది.

ఇప్పుడు మళ్లీ చీమలొస్తాయి, భయపడకండి. రిజల్యూషన్‌కి కాస్త పైనే స్కేల్ అని ఉంటుంది, దాన్ని 125 శాతం పెట్టి చూడండి, చాలకపోతే 150. ఇక్కడ జరిగేది వేరు. చుక్కలు అన్నీ అన్నే ఉంటాయి, ఒక్కో అక్షరం గియ్యడానికి ఎక్కువ చుక్కలు వాడుతుంది, అందుకని అక్షరం పెద్దదవుతూనే నిగనిగలాడుతుంది. పెట్టేక ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రండి, లేకపోతే కొన్ని ప్రోగ్రాములు పాత సైజులోనే మొరాయిస్తాయి.

మరీ ఎక్కువ పెంచితే ఒక ఇబ్బందుంది, ప్రోగ్రాముల కిటికీలు తెర కంటే పెద్దవైపోయి కిందనున్న ఓకే, సేవ్ బటన్లు తెర అడుగుకి జారిపోతాయి. చిన్న ల్యాప్‌టాప్‌ల్లో, అదే 1366 బై 768 ఉన్నవాటిలో 150 పెడితే ఇది తరచూ అవుతుంది. అలాంటప్పుడు స్కేల్ 125 దగ్గర ఆపి ఉత్త అక్షరాల్నే పెంచుకోవచ్చు. విండోస్ బొమ్మున్న కీ, యూ కీ కలిపి నొక్కండి, విండోస్ 11లో అయితే టెక్స్ట్ సైజ్ అని ఉంటుంది, 10లో మేక్ టెక్స్ట్ బిగ్గర్ అని ఉంటుంది, అక్కడున్న గీత మీద గుండుని జరిపితే 100 నుంచి 225 శాతం దాకా వెళ్తుంది. జరిపేసి ఊరుకుంటే కాదు, అప్లై నొక్కాలి, సగం మంది అక్కడే మర్చిపోయి ఇది పనిచెయ్యట్లేదని నాకు ఫోన్ చేస్తారు.

ఇంకోటి, ఇది ఇంగ్లీషు చూసి సెట్టింగు పెట్టేవాళ్లకి తట్టదు. ఇంగ్లీషుకి 125 చాలినా తెలుగుకి చాలదు. మనకి అక్షరం కింద ఒత్తు, పైన గుడి, పక్కన కొమ్ము, ఇంతా ఒకే వరసలో ఇరుక్కోవాలి కదా, అందుకని అసలు అక్షరం చిన్నదైపోతుంది. ధ, థ పక్కపక్కన రాసి చూడండి, రెండిటికీ తేడా పొట్టలో ఉన్న ఒక్క చుక్క. ఆ చుక్క కనపడకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మా కొట్లో మొదట్లో డీటీపీ చేసేవాణ్ణి, పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లతో శుభలేఖలు. మాఘమాసం, పెళ్లిళ్ల సీజను, పద్నాలుగు అంగుళాల తెర మీద కార్డు మొత్తం ఒక్కసారే కనపడాలని 50 శాతం జూమ్‌లో పెట్టుకుని ప్రూఫ్ చూసేను. 300 కార్డులు అచ్చయి వచ్చేక పెళ్లికూతురి మేనమామ తీసుకుని చదివి, "ఈ వథువు ఎవరండీ, మా పిల్ల వధువు కదా" అన్నాడు. మళ్లీ 300 నా ఖర్చుతోనే. అప్పట్నుంచి తెలుగు ప్రూఫ్ 150 శాతానికి తగ్గించి చూడను. మీరు కూడా స్కేల్ పెట్టుకునేటప్పుడు ఏ ఇంగ్లీషు సైటో కాకుండా తెలుగు పేపర్ తెరిచి, ధ, థ, ష, ప తేడా వెనక్కి జారబడి కూర్చున్నా తెలుస్తోందా లేదా చూసి పెట్టుకోండి.

పేపర్ ఒక్కటే చిన్నగా ఉంటే సెట్టింగుల దాకా వెళ్లక్కర్లేదు, కంట్రోల్ కీ పట్టుకుని ప్లస్ నొక్కుతూ పోతే బ్రౌజర్లో పేజీ పెరుగుతుంది, కంట్రోల్ పట్టుకుని సున్నా నొక్కితే మామూలుకి వస్తుంది. మీరు వర్డ్‌లో జ్ఞాపకాలు రాసుకుంటున్నానన్నారు, అక్కడ కనపడట్లేదని ఫాంట్ సైజు 24 పెట్టకండి, ప్రింటు తీస్తే ఒక్కో పేజీకి నాలుగు వాక్యాలొస్తాయి. కింద కుడి మూల జూమ్ గీత ఉంటుంది, అది పెంచుకోండి, కంటికే పెద్దది, కాగితం మీద మామూలే.

ఇంక కళ్లజోడు. చత్వారం అద్దాలు మామూలుగా పుస్తకం దూరానికి ఇస్తారు, అంటే రెండు జానల్లోపు. ల్యాప్‌టాప్ ఉండేది ఇంచుమించు మూడు జానల దూరంలో. అందుకే పుస్తకం బాగా కనిపిస్తుంది, తెర మసకేస్తుంది, మనం తెర మీదకి వంగిపోతాం. బైఫోకల్ వాళ్లయితే కింద ముక్కలోంచి చూడ్డానికి గడ్డం పైకెత్తి కూర్చుని సాయంత్రానికి మెడ పట్టీసిందంటారు, వాళ్లు తెరని కాస్త కిందకి దింపుకోవాలి. మీరు రోజూ కూర్చునే చోట కూర్చుని కంటికీ తెరకీ మధ్య దూరం టేపుతో కొలిపించి ఆ అంకె కాగితం మీద రాసుకుని కంటి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లండి. "కంప్యూటర్ చూస్తానండీ" అంటే సరిపోదు, ఎంత దూరంలో అన్నది చెప్పాలి.

ప్రశ్న: ప్రైవేటు ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తాను అన్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎక్సెల్. నాలుగయ్యేసరికి కళ్లల్లో ఇసక పోసినట్టు ఉంటుంది. ఒక షాపులో బ్లూ లైట్ కళ్లజోడు 800 పెట్టి కొన్నాను, ఏమీ తేడా లేదు. బ్రైట్‌నెస్ ఫుల్లులోనే పెడతాను, తగ్గిస్తే కిటికీ వెలుతురికి కనపడదు, కిటికీ నా వీపు వెనకాల ఉంది. పైన ఫ్యాను కూడా. (ఒక పాఠకురాలు, రాజాం)

జవాబు: చెల్లీ, నీ ఉత్తరంలోనే జవాబుంది, కిటికీ వీపు వెనకాల ఉందన్నావు చూడు, అదే అసలు దొంగ. బయట వెలుతురు నేరుగా తెర మీద పడుతోంది, దాన్ని గెలవడానికి నువ్వు బ్రైట్‌నెస్ పెంచుతున్నావు, ఆ రెండూ కలిసి నీ కళ్లని పిండుతున్నాయి. బల్ల తిప్పగలిగితే కిటికీ నీ పక్కకి వచ్చేలా తిప్పు, ఎడమో కుడో ఏదో ఒక పక్క. కిటికీకి ఎదురుగా కూర్చున్నా బాధే, తెర వెనక నుంచి వెలుతురు కళ్లలో పొడుస్తుంది. ఆఫీసులో బల్ల కదపనివ్వకపోతే కర్టెన్ అడుగు, అదీ ఇవ్వకపోతే పాత కేలండర్ అట్ట తెచ్చి కిటికీ కింద సగానికి పెట్టు, ఎవరూ ఏమీ అనరు.

అది అయ్యాక బ్రైట్‌నెస్. దీనికి అంకె లేదు, ఎవరైనా 40 పెట్టు 60 పెట్టు అంటే నమ్మకు, గదిని బట్టి ఉంటుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని తెర పక్కనే పట్టుకో, ఎక్సెల్ ఖాళీ షీటు తెరిచి ఉంచు. కాగితం ముందు తెర ట్యూబ్‌లైట్‌లా వెలుగుతుంటే ఎక్కువైంది, తగ్గించు. కాగితం పక్కన తెర బూడిద రంగులో మాసిపోయినట్టు ఉంటే తక్కువైంది, పెంచు. రెండూ ఇంచుమించు ఒకేలా కనిపించిన చోట ఆపీ. మధ్యాహ్నం ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది కాబట్టి రెండుసార్లు సరిచేసుకోవాలి. ల్యాప్‌టాప్ అయితే పైవరస కీల్లో సూర్యుడి బొమ్మ ఉంటుంది, డెస్క్‌టాప్ మానిటర్ అయితే దాని అంచున బటన్లుంటాయి, అక్కడే. కొందరికి ల్యాప్‌టాప్ దానంతటదే వెలుతురు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, నల్లటి పేజీ నుంచి తెల్లటి పేజీకి మారినప్పుడల్లా, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో బ్రైట్‌నెస్ కిందనే చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్ అని ఉంటే అది ఆఫ్ చేసీ.

ఆ 800 రూపాయల గురించి చెప్తే బాధపడతావు గానీ, కంప్యూటర్ తెర నీలం వెలుతురు కళ్లని పాడుచేస్తుందన్న దానికి ఆధారం లేదని, అలాంటి కళ్లజోడు అక్కర్లేదని అమెరికాలో కంటి డాక్టర్ల సంఘమే చెప్తోంది, అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ అని. నీ ఇసక వేరే. మామూలుగా నిమిషానికి 15 సార్ల వరకు రెప్ప వేస్తాం, తెర మీద అంకెలు వెంబడిస్తుంటే అది సగానికి, ఇంకా తక్కువకి పడిపోతుంది, కన్ను ఎండిపోతుంది, దానికి తోడు నెత్తి మీద ఫ్యాను. ఆ గాలి నేరుగా మొహానికి తగలకుండా చూసుకో. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదేదో 20 సెకన్లు చూడమంటారు, అంతంత లెక్కలు ఎవడు పెట్టుకుంటాడు, ఒక షీటు సేవ్ చేసినప్పుడల్లా తలెత్తి వీధిలోకి చూడు చాలు. నేను గంటస్తంభం వైపు చూస్తాను, ఈ లోపు ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తే టీ కూడా అవుతుంది.

డార్క్ మోడ్ పెట్టుకోమని ఎవరో చెప్పేరని కూడా రాసేవు. పెట్టి చూడు, నచ్చితే ఉంచుకో, అందరికీ పడదు, ముఖ్యంగా ఆస్టిగ్మాటిజం, అదే కంటి వంపు అన్ని వైపులా సమంగా లేక వచ్చే సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకి నల్లటి దాని మీద తెల్ల అక్షరాలు చుట్టూ నీడలు కమ్మినట్టు కనిపిస్తాయి. వెలుతురున్న గదిలో తెలుపు మీద నలుపే నయం అన్నది నా మాట.

ప్రశ్న: మాది జీడిపప్పు యాపారం బాబూ. రాత్రి పూట మావోడు కంప్యూటర్లో పప్పు ఫోటోలు సరిసేసి బయటి పార్టీలకి పంపుతాడు. నెల్లాళ్ల బట్టీ తెల్ల పప్పు కూడా పసుపు కొట్టినట్టు కనిపిస్తంది. మావోడు ఆ పసుపు తగ్గించి పంపితే అవతలోడు ఫోన్ సేసి "ఏటిది, పప్పు నీలంగా ఉంది" అంటన్నాడు. మానిటర్ పోనాదేటి? (ఒక పాఠకుడు, పలాస)

జవాబు: మానిటర్ పోలేదు బాబూ, మీవాడు నైట్ లైట్ ఆన్ చేసి మర్చిపోయేడు. అది కళ్లకి హాయిగా ఉండాలని తెరని పసుపు, నారింజ వైపు తిప్పుతుంది, పొద్దుగూకేక దానంతటదే వచ్చి తెల్లారేక దానంతటదే పోయేలా పెట్టుకోవచ్చు. పగలు బానే ఉండి రాత్రికే పచ్చబడుతోందంటే అదే. మీవాడు తెర పసుపుని పప్పు పసుపు అనుకుని ఫోటోలోంచి తీసీసేడు, అవతలాయన దగ్గర నైట్ లైట్ లేదు కదా, ఆయనకి నీలం మిగిలింది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో బ్రైట్‌నెస్ కిందనే ఉంటుంది నైట్ లైట్, ఫోటోల పని చేసినంతసేపు ఆఫ్. మీ వ్యాపారంలో అయితే రంగంటే డబ్బే కదా, డబ్ల్యూ-320 తెల్ల పప్పుని చూసి అవతలాయన ఎర్రబడ్డ ఎస్‌డబ్ల్యూ రకం అనుకుంటే రేటు ఎంత కోస్తాడో మీకే తెలుసు. ఫోటో పంపేముందు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి పప్పుతో పాటు తీయించండి, ఎవరి తెర ఎలా ఉన్నా కాగితాన్ని బట్టి పప్పు రంగు పోల్చుకోవచ్చు. పాత ఫోటోలు మళ్లీ పంపించీమనండి, సంజాయిషీ చెప్పుకోడానికి నా పేరు వాడుకోవచ్చు.

ప్రశ్న: సార్, డిగ్రీ చదువుతున్నాను, సెకండ్ హ్యాండ్‌లో డెస్క్‌టాప్ తీసుకున్నా, 22 అంగుళాల మానిటర్. ప్రతి అక్షరం పక్కన ఇంకో నీడ అక్షరం ఉంటుంది, సన్నగా వణుకుతుంది కూడా. విండోస్ కొత్తగా వేసేక రికమెండెడ్ రిజల్యూషన్ 1024 బై 768 అనే చూపిస్తోంది, 1920 లేనే లేదు. మీరు ఎప్పుడూ రికమెండెడ్ పెట్టమంటారు కదా?? (ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: పెట్టమంటాను గానీ కంప్యూటర్‌కే మానిటర్ ఏంటో తెలియనప్పుడు అదేం చెప్తుంది తమ్ముడూ. విండోస్ కొత్తగా వేసేక గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెరకి బొమ్మ పంపే భాగాన్ని నడిపే ప్రోగ్రాము, ఎక్కలేదు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరువు, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అదే రోగం. నెట్ కనెక్ట్ చేసి విండోస్ అప్‌డేట్‌లో వెతికించు, చాలావరకు అదే తెచ్చుకుంటుంది, లేకపోతే నీ కంప్యూటర్ కంపెనీ సైట్లో మోడల్ నంబర్ కొట్టి దించుకోవాలి. డ్రైవర్ ఎక్కితే 1920 దానంతటదే కనిపిస్తుంది.

నీడ, వణుకు ఇంకో కథ. ఫోటోలో చూసేను, నువ్వు వాడేది నీలం మూతున్న వీజీఏ కేబుల్. అది పాత పద్ధతి, సిగ్నల్ అలలా వెళ్తుంది, కేబుల్ నాసిరకమైనా, స్క్రూలు బిగించకపోయినా, ఒక పిన్ను వంగినా అక్షరాలకి నీడ పడుతుంది. ముందు రెండు చివర్లా ఊడదీసి పిన్నులు చూసి మళ్లీ గుచ్చి స్క్రూలు బిగించు. తర్వాత మానిటర్ బటన్లలో ఆటో అని గానీ ఆటో అడ్జస్ట్ అని గానీ ఉంటుంది, తెర నిండా ఏదో ఒక తెల్ల పేజీ తెరిచి ఉంచి అది నొక్కు, రెండు సెకన్లు ఊగి సర్దుకుంటుంది. మానిటర్ వెనకా సీపీయూ వెనకా రెండు చోట్లా హెచ్‌డీఎంఐ ఉంటే మాత్రం ఈ కష్టమంతా దండగ, ఆ కేబుల్ కొనుక్కుని వీజీఏని అటక మీద పారీ.

ఇదంతా అయ్యాక స్టార్ట్‌లో క్లియర్ టైప్ అని కొట్టు, అడ్జస్ట్ క్లియర్ టైప్ టెక్స్ట్ అని వస్తుంది. అందులో ఒకే పేరాని కొన్ని రకాలుగా చూపించి నీకు ఏది బాగుందో అడుగుతుంది, అలా ఐదు పేజీలు. కళ్ల పరీక్షలో డాక్టర్ "ఇది నయమా, ఇది నయమా" అని అద్దాలు మార్చినట్టే ఉంటుంది, తొందరపడి నెక్స్ట్ నెక్స్ట్ కొట్టీకు.

ప్రశ్న: మా అత్తయ్యగారికి 74 ఏళ్లు, ఈమధ్యే కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అమెరికాలో ఉన్న మా మరిదితో కంప్యూటర్లోనే మాట్లాడతారు, భక్తి ప్రసంగాలు వింటారు. అక్షరాలు పెంచేం గానీ మౌస్ బాణం ఎక్కడుందో కనిపించట్లేదంటారు, తెర మరీ తెల్లగా కొడుతోందంటారు. అరసవిల్లి వెళ్లి మొక్కు కూడా చెల్లించి వచ్చేం. (ఒక పాఠకురాలు, నరసన్నపేట)

జవాబు: మొక్కు మంచిదే అమ్మా, మనవైపు కంట్లో నలక పడినా ముందు గుర్తొచ్చేది అరసవిల్లి సూర్యనారాయణ స్వామే. ఆయన పని ఆయన చూసుకుంటాడు, బాణం సంగతి మనం చూద్దాం. విండోస్ కీ, యూ కలిపి నొక్కితే మౌస్ పాయింటర్ అండ్ టచ్ అని ఉంటుంది, సైజు 1 నుంచి 15 దాకా జరుపుకోవచ్చు, 5 దగ్గర మొదలుపెట్టండి. రంగు కూడా మార్చొచ్చు, తెల్ల పేజీ మీద తెల్ల బాణం ఎవరికి కనిపిస్తుంది చెప్పండి, పసుపు కన్నా ముదురు గులాబీ గానీ ఎరుపు గానీ బాగా తెలుస్తుంది. అయినా దొరకట్లేదంటే కంట్రోల్ కీ నొక్కగానే బాణం చుట్టూ వలయాలు వచ్చి చూపించే ఏర్పాటుంది, మౌస్ సెట్టింగుల్లో అడిషనల్ మౌస్ సెట్టింగ్స్, పాయింటర్ ఆప్షన్స్, అందులో చివరిది. మా కొట్టుకి వచ్చే పెద్దావిడ ఒకావిడ దీన్ని "గంట కొట్టడం" అంటారు, కంట్రోల్ కొడితే బాణం ఇక్కడున్నానని పలుకుతుందట.

తెర తెల్లగా కొట్టడం అంటే, శుక్లం ఉన్నన్నాళ్లూ కంటి లెన్సు పసుపెక్కి ఉంటుంది, తీసీసి కొత్త లెన్సు పెట్టేక తెలుపూ నీలం ఒక్కసారి ఎక్కువగా కనిపిస్తాయి, ఆపరేషన్ కాని ఎడమకన్ను మూసి ఒకసారి, కుడికన్ను మూసి ఒకసారి చూడమనండి, ఆవిడే చెప్తారు రెండు కళ్లకీ రెండు రంగులని. ఇక్కడ మాత్రం నైట్ లైట్ పనికొస్తుంది, పలాస బాబుకి వద్దన్నది మీకు మంచిదే, కొంచెంగా పెట్టండి. బ్రైట్‌నెస్ కూడా పైన చెప్పిన కాగితం పద్ధతిలో తగ్గించండి. ఒక చిన్న ముక్క మాత్రమే పెద్దగా చూడాలంటే విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కండి, భూతద్దం వస్తుంది, విండోస్ కీ, ఎస్కేప్ నొక్కితే పోతుంది. పోగొట్టడం ముందు నేర్పించండి, లేకపోతే తెరంతా ఒక్క అక్షరమే నిండిపోయి ఆవిడ హడలిపోతారు. ఆపరేషన్ అయ్యాక పాత కళ్లజోడు పనికిరాదు, లెన్సు మామూలుగా దూరం చూపుకి పెడతారు కాబట్టి దగ్గర చూపుకి కొత్త అద్దాలు కావాలి, డాక్టర్ రమ్మన్న రోజుకి తీసుకెళ్లండి.

ఒక్కటి మాత్రం సెట్టింగు కాదు. కంట్లో మెరుపులు మెరిసినట్టున్నా, ఉన్నట్టుండి నల్లటి దారాలు, చుక్కలు ఎగురుతున్నా, ఒక పక్క తెర దించినట్టు చూపు పోయినా, నొప్పితో పాటు దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా కంప్యూటర్ ముట్టుకోకండి, నాకు మెసేజ్ పెట్టకండి, ఆ రోజే కంటాసుపత్రికి పరిగెత్తండి.

ప్రశ్న: మా గుంటడు ఏం నొక్కీసేడో తెర మొత్తం తలకిందులైపోయింది, రెండు రోజుల బట్టీ మెడ వంచుకుని చూస్తున్నాను. (ఒక పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని పై బాణం కీ నొక్కండి, కొన్ని కంప్యూటర్లలో వెంటనే లేచి నిలబడుతుంది. లేవకపోతే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే ఓరియంటేషన్ అని ఉంటుంది, ల్యాండ్‌స్కేప్ పెట్టండి. బాణం కూడా తలకిందులే కాబట్టి మౌస్ కుడికంటే ఎడమకి పోతుంది, కోపం తెచ్చుకోకుండా కీబోర్డు మీద ట్యాబ్, ఎంటర్‌తో వెళ్లడం నయం. అన్నట్టు మీరు నాకు పంపిన తెర ఫోటో కూడా తలకిందులుగానే తీసేరు, అందుకని నాకు మాత్రం నిటారుగానే వచ్చింది, జబ్బేంటో పోల్చుకోడానికి ఐదు నిమిషాలు పట్టింది.